"సగం వస్తుందట కదా మేడమ్?": విడాకులు, వ్యాపారం, కొన్ని అపోహలు

పోయిన వారం ఒకాయన కుర్చీలో కూర్చోకముందే అడిగేశారు: "మేడమ్, విడాకులిస్తే షాపులో సగం తనకి రాసివ్వాలట కదా?" అంతకు ముందు వారం వచ్చినావిడ: "సగం నాకు వస్తుందట కదండీ, విలువ కట్టి పెట్టండి." అడిగేవాళ్లు మారుతుంటారు గానీ ఆ 'అట' మాత్రం మారదు. నేను లాయర్ని కాను, చార్టర్డ్ అకౌంటెంట్‌ని. భార్యాభర్తల కేసుల్లో వ్యాపారాలకు విలువ కట్టడం నా పనిలో ఒక భాగం. హిందూ వివాహ చట్టం కిందికొచ్చే కేసులే ఎక్కువ చూశాను కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: విడాకులైతే వ్యాపారంలో సగం వచ్చేస్తుంది

రాదు. చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. పెళ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరిదీ అనే పద్ధతి కాలిఫోర్నియా లాంటి చోట్ల ఉంది. మన దేశంలో గోవాలో, పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల ఉంది. మిగతా చోట్ల ఎవరి పేరున ఉన్నది వాళ్లది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే సవరణ బిల్లు ఒకటి 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభ దాటలేదు, ఆ సభ రద్దవడంతో బిల్లూ మురిగిపోయింది. వాట్సాప్‌లో మాత్రం అది ఇప్పటికీ 'కొత్త చట్టం'. దానికి తోడు అమెరికాలో ఉన్న పెదనాన్నగారబ్బాయి విడాకుల కథ.

కోర్టు చూసేది వేరు. కేసు నడుస్తుండగా ఇచ్చే మనోవర్తి సెక్షన్ 24 కింద, శాశ్వత భరణం సెక్షన్ 25 కింద. ఇద్దరి ఆదాయం, ఆస్తులు, ప్రవర్తన, పరిస్థితులు చూసి ఒక మొత్తం నిర్ణయిస్తారు. వ్యాపారం అందులోకి రాబడినిచ్చే వనరుగా వస్తుంది, పనసకాయలా కోసి తొనలు పంచడానికి కాదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే తేల్చింది. అమెరికాలో వ్యాపారం చేసి బాగా గడించిన భర్త, మొదటి భార్యకు ఇచ్చినంతా తనకూ కావాలని అడిగిన రెండో భార్య. భరణం ఉన్నది ఇద్దరి సంపదనూ సమానం చేయడానికి కాదని చెప్పి, 12 కోట్లు ఖరారు చేసింది. అంకె పెద్దదే, కానీ అది 'సగం' లెక్కలో వచ్చింది కాదు.

ఈ పుకారు భర్తలను ఎలా ముంచుతుందో చూడండి. ఒకాయన, భార్య ఇంకా నోటీసు కూడా పంపకముందే, భయంతో షాపు లైసెన్సులు, స్టాకు, అన్నీ తమ్ముడి పేరుకు మార్చేశారు. ఆవిడ అడిగింది పిల్లాడి స్కూలు ఫీజు, ఇంటద్దె, అంతే. కోర్టులో ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. రజనేశ్, నేహాల కేసులో 2020 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అది ఇద్దరూ ఇవ్వాల్సిందే, అబద్ధం రాస్తే దానికి వేరే చర్యలుంటాయి. 'నాకు ఆదాయం లేదు' అన్నారు. పాత బ్యాంకు ఖాతాలు చూసిన జడ్జి నమ్మలేదు, పాత ఆదాయాన్ని బట్టే మనోవర్తి వేశారు. తమ్ముడేమో షాపు తనదే అంటున్నాడు. ఇప్పుడాయన తన షాపులో తానే జీతానికి కూర్చుని, ఆ జీతంలోంచి మనోవర్తి కడుతున్నారు.

భార్యలను ముంచే దారి ఇంకోటి. ఒకావిడ నా దగ్గరకొచ్చి సగం ఎలా వస్తుందని అడిగారు. రాదని చెప్పాను. ఏడుపు ఒక్కటే తక్కువ. "ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారండీ, ఎలాగూ ఏమీ రాదుగా, పెట్టేస్తాను" అన్నారు. ఆ కాగితం చూపించమన్నాను. రిటైర్‌మెంట్ డీడ్. పైసా తీసుకోకుండా ఫర్మ్ నుంచి తప్పుకుంటున్నట్టు రాసి ఉంది. రిటైరవ్వాలంటే ముందు పార్ట్‌నర్ అయి ఉండాలి కదా? అసలు డీడ్ తెప్పిస్తే ఆవిడకు 40 శాతం. పదకొండేళ్ల క్రితం పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే పేరు రాయించారు, ఆవిడ చదవకుండానే సంతకం చేశారు.

విడాకుల చట్టం ఆవిడకు వ్యాపారంలో ఏమీ ఇవ్వలేదు, ఇచ్చింది పార్ట్‌నర్‌షిప్ డీడ్. అందుకే నా దగ్గరకొచ్చే వాళ్లందరినీ, ఆడైనా మగైనా, మొదట ఒకటే అడుగుతాను: కాగితాల మీద ఎవరి పేరుంది, ఎంత ఉంది?

అపోహ: టర్నోవరే విలువ

అదే కేసు. ఆవిడ లెక్కలో ఏటా మూడు కోట్ల టర్నోవర్ కాబట్టి వ్యాపారం మూడు కోట్లు. ఆయన లెక్కలో సరుకంతా అప్పు మీద తెచ్చిందే, మిగిలేది ఫర్నిచర్, ఐదు లక్షలు.

పుస్తకాల్లో లాభం 18 లక్షలు ఉంది. కానీ ఆయన తనకంటూ రెమ్యునరేషన్ రాసుకోలేదు. ఆయన చేసే పనికి మేనేజర్‌ని పెడితే ఏడాదికి 9 లక్షలు ఇవ్వాలి. షాపు వాళ్ల నాన్నగారి బిల్డింగులో ఉంది, అద్దె లేదు. బయటైతే 3.6 లక్షలు. ఈ రెండూ తీసేయాలి. ఇంటి కారు పెట్రోలు, ఇంటి కరెంటు బిల్లు వ్యాపార ఖర్చులో రాసింది 2.4 లక్షలు, అది తిరిగి కలపాలి. మిగిలింది 7.8 లక్షలు. దానికి నాలుగు రెట్లు వేస్తే 31.2 లక్షలు. నాలుగే ఎందుకంటే, ఖాతాదారుల్లో చాలామంది ఆయన మొహం చూసి వచ్చేవాళ్లు. బోర్డు చూసి వచ్చే గుడ్‌విల్ (మంచి పేరుకున్న విలువ) వేరు, మనిషిని చూసి వచ్చేది వేరు. రెండోది మనిషితోనే లేచిపోతుంది, దాన్ని ఇంకొకరికి అమ్మలేం.

ఆస్తుల వైపు నుంచి కూడా చూశాను. ఇక్కడో చిన్న కిటుకు: కోర్టుకిచ్చే బ్యాలెన్స్ షీట్ పక్కన, ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) కోసం బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ పెట్టి చూడండి. అప్పు కావాల్సినప్పుడు నిండుగా ఉండే గోడౌను, విడాకులప్పుడు ఎలా ఖాళీ అవుతుందో తెలుస్తుంది. అలాగే, కేసు వేసిన ఏడాది లాభం పడిపోని వ్యాపారం నేనింతవరకు చూడలేదు. అందుకే ఆ ఒక్క ఏడాది అంకె మీద ఆధారపడను, కనీసం వెనక మూడేళ్లవి తీస్తాను. కదలని సరుకు, రాని బాకీలు తీసేస్తే ఆస్తుల లెక్క 28 లక్షల దగ్గర తేలింది. చివరికి 30 లక్షలకు ఒప్పుకున్నారు, ఆవిడ వాటా 12 లక్షలు. 'మైనారిటీ వాటా, అంటే సగం కంటే తక్కువ, కాబట్టి పాతిక శాతం కొట్టేయాలి' అని అవతలి ఆడిటర్ పట్టుబట్టారు. బయటివాడు కొంటే ఆ వాదన సరే. కొంటున్నది మిగతా 60 శాతం చేతిలో ఉన్న మనిషే, కొన్న మర్నాడు మొత్తం ఆయనదే. ఇంక తగ్గింపు దేనికి?

మూడు కోట్లు అనుకుని వచ్చినావిడకు 12 లక్షలు చేదుగానే ఉన్నాయి. మొదటిరోజే సంతకం పెట్టి ఉంటే సున్నా అని నేను గుర్తు చేయలేదు, ఆవిడే అన్నారు.

మిగతావి గబగబా

ఐటీ రిటర్నులో తక్కువ చూపిస్తే భరణం తగ్గుతుందా? కోర్టు రిటర్ను దగ్గరే ఆగాలని ఎక్కడా లేదు, బతుకుతున్న తీరు కూడా చూస్తుంది.

భర్త బిల్లు లేకుండా అమ్మినవన్నీ బయటపెడతానంటున్నారా? ముందు మీరు అందులో పార్ట్‌నరో కాదో చూసుకోండి. పార్ట్‌నరైతే పన్ను నోటీసు మీకూ వస్తుంది.

నగలు కుదువపెట్టి వ్యాపారం పెట్టారు కాబట్టి వాటా వస్తుందా? వాటా రాదు, కానీ స్త్రీధనం మీదే. అవసరానికి వాడుకున్నా భర్త తిరిగివ్వాల్సిందేనని 2024లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. కుదువ రసీదులు పారేయకండి.

షేర్లు బదిలీ చేసేస్తే డైరెక్టర్ పదవి పోతుందా? పోదు. దానికి విడిగా రాజీనామా ఇవ్వాలి, అది కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదవ్వాలి.

చివరిది, ఖరీదైనది: డిక్రీ వచ్చింది, ఇంక నాకేం సంబంధం?

డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు, తెంచేది పెళ్లిని. మీరు ఓడీకి పెట్టిన గ్యారంటీ సంతకం బ్యాంకుతో మీకున్న ఒప్పందం, దాన్ని బ్యాంకే రాతపూర్వకంగా వదలాలి. పార్ట్‌నర్ తప్పుకుంటే ఒక నెలలోపు జీఎస్టీ కమిషనర్‌కు రాసి తెలపాలి. ఆ గడువులో తెలపకపోతే, మీరు రాసింది ఆయనకు అందే తేదీ దాకా పడే పన్నుకూ మీరూ బాధ్యులు. పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం పబ్లిక్ నోటీసు కూడా ఇవ్వాలి. ఇద్దరే పార్ట్‌నర్లైతే ఒకరు వెళ్లిపోగానే ఫర్మే ఉండదు, మిగిలినవారు సొంత వ్యాపారంగా కొత్త జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

ఆవిడ విషయంలో ఇవన్నీ ఒప్పందంలోనే రాయించాం: మొదటి 8 లక్షలు సంతకాల రోజు, మిగతా 4 లక్షలు గ్యారంటీ విడుదలయ్యాక ఆర్నెల్లలో, అవి ఎగ్గొట్టకుండా ఆయన ఇంటి స్థలం మీద చార్జ్ (బాకీ తీరేదాకా ఆ స్థలం మీద ఆవిడకుండే హక్కు). బ్యాంకు ఊరికే వదల్లేదు, వేరే గ్యారంటీ తెమ్మంది. చివరికి షాపు బిల్డింగు ఓనరుగా వాళ్ల నాన్నగారే వెళ్లి సంతకం చేశారు.