సీటు వదులుకుంటే ఎంతిస్తారు?

విమానంలో ఉన్న సీట్లకంటే నాలుగు టికెట్లు ఎక్కువే అమ్ముతాయి కంపెనీలు. కొన్నవాళ్లలో కొందరు ఎలాగూ రారు, ఖాళీగా వెళ్లిపోయిన సీటును మర్నాడు అమ్ముకోవడమూ కుదరదు. చిక్కల్లా అందరూ వచ్చిన రోజునే.

అమెరికాలో ఒకప్పుడు ఎవర్ని ఆపెయ్యాలో సిబ్బందే తేల్చేవారు. గొడవ చెయ్యరనిపించే ముసలివాళ్లనీ, సైనికులనీ ఆపేవారని ఆర్థికవేత్త జూలియన్ సైమన్ రాశాడు. 1972లో వినియోగదారుల హక్కుల నేత రాల్ఫ్ నేడర్‌నే ఆపేశారు. ఆయన ఊరుకుంటాడా? ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సైమన్ 1968లోనే ఒక ఉపాయం ప్రచురించాడు. ప్రయాణికులకు తలా ఒక కవరు ఇచ్చి, తర్వాతి విమానంలో వెళ్లడానికి ఎంత కావాలో రాసిమ్మనండి. అందరికంటే తక్కువ అడిగినవాళ్లకు ఆ డబ్బిచ్చి సీటు తీసుకోండి. కంపెనీలు పట్టించుకోలేదు. చివరికి ఆల్‌ఫ్రెడ్ కాన్ పౌర విమానయాన బోర్డు ఛైర్మన్‌గా ఉండగా, 1978లో, ముందు ఇష్టపడి దిగేవాళ్లను అడగాలన్న నిబంధన వచ్చింది.

కౌంటర్ ముందు ముగ్గురున్నారనుకోండి. ఒకాయనకు కూతురి పెళ్లి, ఒకామెకు ఇంటర్వ్యూ, ఒక కుర్రాడికి సోమవారం దాకా పనేమీ లేదు. ఎవరిది అర్జెంటని అడిగితే ముగ్గురూ నాదే అంటారు. రెండు వందల డాలర్లిస్తామంటే కుర్రాడి చెయ్యి లేస్తుంది. ఎంత తెలివైన అధికారికైనా బయటినుంచి కనపడని సంగతి అలా బయటపడుతుంది.

డబ్బున్నవాడిదే పైచెయ్యి కాదా అంటే, వానలో క్యాబ్ రేటు పెరిగినప్పుడు నిజమే. ఆస్పత్రికి వెళ్లాల్సిన కూలీ మనిషి, సినిమాకెళ్లే పెద్ద ఉద్యోగితో పోటీ పడలేడు. ఇక్కడ మాత్రం డబ్బు సీటు వదిలినవాడి జేబులోకే వెళ్తుంది. డబ్బు అవసరమున్నవాడే ముందు చెయ్యెత్తుతాడేమో గానీ, కాదనే హక్కు అతనిదే.

2017 ఏప్రిల్‌లో షికాగోలో యునైటెడ్ కంపెనీకి తన సిబ్బంది కోసం నాలుగు సీట్లు కావాల్సి వచ్చాయి. 800 డాలర్ల దాకా ఇస్తామన్నా ఎవరూ లేవలేదు. ఇంకో రెండు మూడు వందలు పెంచి చూడొచ్చు కదా! పెంచలేదు, తామే నలుగురిని ఎంపిక చేశారు. లేవనన్న ఒక డాక్టర్‌ని భద్రతా సిబ్బంది సీట్ల మధ్య నుంచి ఈడ్చుకెళ్లిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ నెలలోనే కంపెనీ సీటు వదిలేవాళ్లకిచ్చే డబ్బు పరిమితిని 10,000 డాలర్లకు పెంచింది.

మన దగ్గరా ముందు ఇష్టపడేవాళ్లను అడగాలనే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. బలవంతంగా ఆపేసి, అసలు విమానం బయల్దేరాల్సిన సమయం నుంచి గంటలోపు బయల్దేరే వేరే విమానం చూపకపోతే పరిహారం కట్టాలి. దానికి గరిష్ఠ పరిమితి 20,000 రూపాయలు. ఇష్టపడి దిగేవాళ్లకు ఎంతివ్వాలన్నది మాత్రం కంపెనీకే వదిలేశారు. కాబట్టి మొదట చెప్పిన అంకెకే తలూపక్కర్లేదు, బేరమాడొచ్చు.