గ్లాసెడు నీళ్లకు అరచెంచా ఉప్పు

గొంతునొప్పి అనగానే ఉప్పునీళ్లు పుక్కిలించమని అందరూ చెబుతారు. ఎంత ఉప్పు వేయాలో మాత్రం చెప్పరు. అసలు కిటుకు ఆ కొలతలోనే ఉంది.

లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపితే ఎంత గాఢత వస్తుందో, మన ఒంట్లోని ద్రవాల గాఢత ఇంచుమించు అంతే. జలుబు వైరస్ సోకితే గొంతు పొరలోకి ద్రవం ఊరి, పొర వాస్తుంది. గుటక వేసినప్పుడల్లా నొప్పి. ఆ పొరకు తన గాఢత కంటే కాస్త ఎక్కువ ఉప్పున్న నీళ్లు తగిలితే లోపలి నీరు కొంత బయటికి వస్తుంది. బడిలో ద్రవాభిసరణం అని చదువుకున్నది ఇదే. అంటుకుపోయిన శ్లేష్మం కూడా పలచబడి, పుక్కిలించేటప్పుడు ఊడివస్తుంది.

కాబట్టి పావు లీటరు గోరువెచ్చని నీళ్లకు మెత్తటి ఉప్పు అరచెంచా. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు పట్టే టీ చెంచా. అరచెంచాలో దాదాపు 3 గ్రాములుంటుంది, గాఢత 1.2 శాతం అవుతుంది. గళ్లుప్పు అయితే గళ్ల మధ్య ఖాళీల వల్ల అదే చెంచాలో బరువు తగ్గుతుంది. పైగా సరిగా కరగని గళ్లు పుండుగా ఉన్న చోట తగిలి చురుక్కుమంటాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ గుణం అనుకుని రెండు మూడు చెంచాలు వేస్తే గొంతు ఎండిపోయి మండుతుంది, వాంతి వచ్చినట్టూ ఉంటుంది.

నీళ్లు వేడి చేసేది ఉప్పు కరగడం కోసం కాదు. చల్లటి నీళ్లలోనైనా 100 మిల్లీలీటర్లకు 35 గ్రాముల దాకా కరుగుతుంది. వెచ్చదనం గొంతుకు హాయినిస్తుంది, అంతే. పొగలు కక్కే నీళ్లు వాచిన పొరను ఇంకా కాలుస్తాయి.

చిన్న గుక్క నోట్లో పోసుకుని, తల వెనక్కి వంచి, ఊపిరి వదులుతూ "ఆ" అనండి. ఊపిరి పీలిస్తే పొలమారుతుంది. పది పదిహేను సెకన్లయ్యాక ఉమ్మేసి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా చేయండి. రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. మింగకూడదు: పెద్దవాళ్లకు రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఈ ఒక్క గ్లాసులోనే 3 గ్రాములున్నాయి. రక్తపోటు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పుక్కిలించడం చేతకాని చిన్నపిల్లల చేత చేయించకపోవడమే మేలు.

ఈ నీళ్లు అంగిలి, కొండనాలుక, టాన్సిల్స్ దాకా వెళ్తాయి. స్వరపేటికను చేరవు. అందుకే బొంగురుపోయిన గొంతుకు పుక్కిలింత కంటే మాట్లాడకుండా ఉండటమే మందు.

2019లో వెలువడిన, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం అధ్యయనంలో, ఉప్పునీళ్లతో ముక్కు కడిగి పుక్కిలించినవారికి జలుబు రెండు రోజుల ముందే తగ్గింది. పాల్గొన్నది 66 మందే, పైగా ముక్కు కడగడమూ కలిసే ఉంది. అందుకని ఆ ఫలితాన్నంతా పుక్కిలింత ఖాతాలో వేయలేం.

స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పిని ఉప్పు నయం చేయదు. దాన్ని వదిలేస్తే కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. దగ్గు, జలుబు లేకుండా ఎక్కువ జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడ గ్రంథుల వాపు కనిపిస్తే డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి. వారం దాటినా నొప్పి తగ్గకపోయినా అంతే. నోరు తెరవలేకపోవడం, చొంగ కారడం, ఊపిరి అందకపోవడం ఉంటే గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.