సెల్ఫ్ కొడితే "టక్" మంటోందా? పాత జెట్ స్కీ స్టార్టింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

రుషికొండ బీచ్ నుంచి ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చిందంటే సంగతి సగం తెలిసినట్టే. "అన్నా, సెల్ఫ్ కొడితే టక్ మంటోంది, తిరగట్లేదు. కొత్త బ్యాటరీ తెచ్చేయమంటావా?" వద్దంటాను. నేనొచ్చేదాకా ఆగమంటాను. ఆగరు. నేను వెళ్లేసరికి కొత్త బ్యాటరీ బిగించి ఉంటుంది, బండి టక్ మంటూనే ఉంటుంది.

అన్నట్టు, జెట్ స్కీ (నీళ్ల మీద నడిపే స్కూటర్ లాంటి బండి) అన్నది కవాసాకీ వాళ్ల పేరు. యమహా వాళ్లు వేవ్‌రన్నర్ అంటారు, బీఆర్‌పీ (ఒకప్పటి బొంబార్డియర్) వాళ్లది సీ-డూ. బీచ్‌లో మాత్రం అన్నీ జెట్ స్కీలే కాబట్టి నేనూ అదే రాస్తున్నాను. కింద చెప్పేవి ఎక్కువగా కార్బురేటర్ కాలం నాటి టూ-స్ట్రోక్ బండ్ల గురించి.

అపోహ: టక్ మందంటే బ్యాటరీ పోయినట్టే.

వాస్తవం: టక్ మన్నదంటే ముందు సంతోషించాలి. స్టార్ట్ బటన్ నుంచి రిలే (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు వదిలే స్విచ్) దాకా సన్న వైర్లన్నీ బాగున్నాయని అర్థం. తేడా ఏదైనా లావు వైర్ల వైపు ఉంది. శబ్దం కూడా జాగ్రత్తగా వినండి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీయే దిగిపోయి ఉంటుంది. ఒక్కటే గట్టిగా టక్ మని ఊరుకుంటే రిలే కాంటాక్టులు మాడి ఉండొచ్చు, వైరు కుళ్లి ఉండొచ్చు, మోటార్ పట్టేసి ఉండొచ్చు. సిలిండర్లో నీళ్లు కూడా ఉండొచ్చు. అసలు ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజు, స్టాప్ స్విచ్, చేతికి కట్టుకునే తాడు (మనిషి పడితే ఇంజిన్ ఆపేది) క్లిప్పు చూడండి.

రాత్రంతా కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఇది అందరికీ తెలుసు. తెలియనిదల్లా, బటన్ నొక్కి పట్టుకుని అదే రీడింగ్ మళ్లీ చూడాలని. అప్పుడు 9.6 కంటే కిందికి జారిపోతే బ్యాటరీని ఛార్జ్ చేసి మళ్లీ పరీక్షించండి. అలా కాకుండా 12 దగ్గరే కదలకుండా నిలబడి, మోటార్ మాత్రం తిరగలేదంటే బ్యాటరీది ఏ తప్పూ లేదు. కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది.

అపోహ: మల్టీమీటర్ బీప్ కొట్టింది, కాబట్టి వైరు బాగుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల ఖర్చయినంత డబ్బు ఇంకే తప్పు వల్లా ఖర్చయి ఉండదు. వైరులో వందల తీగలుండి, వాటిలో ఒక్కటి మిగిలినా మీటర్ బీప్ కొడుతుంది. సెల్ఫ్ మోటార్‌కి కావాల్సిన కరెంటు ఆ ఒక్క తీగ మోయలేదు.

పోయిన సీజన్లో ఒకాయన బండి తెచ్చాడు. అప్పటికే బ్యాటరీ మార్చాడు, రిలే మార్చాడు, మోటార్ మార్చాడు. నేను మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు (టెర్మినల్) మీద, రెండోది ఇంజిన్ లోహం మీద ఆనించి బటన్ నొక్కమన్నాను. పోస్టు మీదే ఆనించాలి, దానికి బిగించిన లగ్గు (వైరు చివరి లోహపు కొస) మీద కాదు. అలా చేస్తే ఆ జాయింటు లెక్కలోంచి తప్పిపోతుంది. అక్కడ 0.2, మహా అయితే 0.3 వోల్టులు చూపాలి. 8.7 చూపింది. అంటే మోటార్‌కి అందాల్సిన వోల్టుల్లో ముప్పావు వంతు బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే నల్ల వైరే తినేస్తోంది. పైకి చూస్తే కొత్త వైరులానే ఉంది. లగ్గు దగ్గర వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. తొడుగు కోస్తే లోపల రాగి లేదు, ఆకుపచ్చ చిలుము, నల్ల పొడి.

కారులో అయితే బాడీ అంతా ఇనుమే, కరెంటు వెనక్కి రావడానికి ఎన్నో దారులు. జెట్ స్కీ బాడీ ఫైబర్, ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. వెనక్కి రావడానికి ఆ నల్ల వైరు ఒక్కటే దారి. ఉప్పునీరు లగ్గు మూతి దగ్గర దూరి, తీగల వెంట లోపలికి పాకుతుంది. మార్చేటప్పుడు తగరం పూత ఉన్న మెరైన్ వైరు వేసి, లగ్గు మీద లోపల జిగురుండే హీట్‌ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి. ఎర్ర వైరుకీ ఇదే పరీక్ష: బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి మోటార్ బోల్టు దాకా. ఆ దారిలో రిలే కూడా ఉంటుంది కాబట్టి అర వోల్టు దాకా పరవాలేదు.

ఆయన పీకేసిన పాత మోటార్ నిక్షేపంగా ఉంది. నా షెడ్డులోనే ఉంది, స్పేరుగా వాడుకుంటున్నాను.

అపోహ: కారు రిలే, కారు మోటార్ పెట్టినా పనిచేస్తుంది.

వాస్తవం: పనిచేస్తుంది, అదే భయం. మూసిన సీటు కింద పెట్రోలు ఆవిరి అడుగున పేరుకుంటుంది, అది గాలికంటే బరువు. మెరైన్ సామాను లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటుకోకుండా తయారు చేస్తారు. కారు సామానుకి ఆ రక్షణ ఉండదు. రిలే రెండు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి మోటార్ తిప్పే అలవాటుదీ ఇదే కథ. నేనూ కుర్రతనంలో చేశాను. ఇప్పుడు ఎవరైనా చేస్తే చేతిలోంచి లాక్కుంటాను.

అపోహ: పట్టేసింది, నొక్కుతూ ఉంటే అదే వదులుతుంది.

వాస్తవం: సిలిండర్లో నీళ్లుంటే వదలదు. నీరు గాలిలా అణగదు కాబట్టి పిస్టన్ అక్కడే ఆగిపోతుంది. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ముందు ప్లగ్గులు విప్పండి, ప్లగ్ వైర్లను ఇంజిన్‌కి ఎర్త్ చేయండి, లేకపోతే సీడీఐ బాక్సు (ప్లగ్గులకి స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) పాడవుతుంది, పైగా నిప్పురవ్వ ఎక్కడ పడుతుందో తెలీదు. అప్పుడు రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. నీళ్లు రంధ్రాల్లోంచి పైకి చిమ్ముతాయి, మొహం అడ్డం పెట్టకండి. ఉప్పునీరైతే ఆ రోజే ఇంజిన్ నడిపి, ఆరబెట్టి, ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా కాపాడే నూనె) కొట్టాలి. రేపంటే తుప్పు మొదలవుతుంది.

ఆ నీళ్లు ఎలా వచ్చాయంటారా? చాలాసార్లు మనమే పోశాం. ఫ్లష్ చేసేటప్పుడు (పైపు నీళ్లతో కూలింగ్ దారి కడిగేటప్పుడు) ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాతే పైపు నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి, తర్వాత ఇంజిన్. తిరగేస్తే నీళ్లు ఎగ్జాస్ట్ నిండి ఇంజిన్లోకి వెళ్తాయి. ఆగిపోయిన బండిని బోటుకి కట్టి స్పీడుగా లాక్కొచ్చినా అంతే. కూలింగ్ పైపు నొక్కి కట్టేసి, నెమ్మదిగా లాగాలి.

అపోహ: ఇంజిన్ తిరుగుతోంది కదా, ఇక ఎలక్ట్రికల్ సమస్య లేదు.

వాస్తవం: తిరగడం వేరు, తగినంత వేగంగా తిరగడం వేరు. సీడీఐకి కరెంటు పుట్టించే కాయిల్ ఇంజిన్ స్పీడు మీదే ఆధారపడిన బండ్లలో, నీరసంగా తిరిగితే స్పార్కే రాదు. అందుకే కాయిల్ కొనేముందు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి ఒకసారి చూడండి.

అపోహ: తాడు క్లిప్పు ఏదైనా ఒకటే.

వాస్తవం: పాత యమహా, కవాసాకీ బండ్లలో అది ఉత్త ప్లాస్టిక్, అరిగితే మార్చండి. తొంభైల మధ్య నుంచి వచ్చిన సీ-డూలలో చాలావాటికి తాడు టోపీలోనే చిప్ ఉంటుంది. పెట్టగానే రెండు చిన్న బీప్‌లు రావాలి. రాకపోతే టోపీ, దాని కింది పోస్టు తుడిచి మళ్లీ పెట్టి చూడండి.

అపోహ: కారు ఇంజిన్ నడుస్తూ ఉంటే జంప్ (కారు బ్యాటరీ నుంచి వైర్లతో ఇచ్చే కరెంటు) బాగా అందుతుంది.

వాస్తవం: కారు ఇంజిన్ ఆపేయండి. దాని ఆల్టర్నేటర్‌ని ఈ చిన్న బ్యాటరీకి, సున్నితమైన సీడీఐకి తగిలించే అవసరం లేదు. సీటు తీసి ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వండి. ముందు ఎరుపు, చివరి నలుపు క్లిప్పు బ్యాటరీకి దూరంగా ఇంజిన్ లోహానికి. తగిలించే ముందు ప్లస్, మైనస్ గుర్తులు వేలు పెట్టి చదవండి. మన దగ్గర పాత బండ్లలో ఎర్ర వైరు ఎర్రగానే ఉంటుందన్న గ్యారంటీ లేదు.