మోకాలి మీద రెండు ఎరుపులు

విశాఖ సముద్రతీరంలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద కాలు జారింది. రాళ్లకు అతుక్కున్న పెంకులు మోకాలి చర్మాన్ని చెక్కేశాయి. సాయంత్రానికి మోకాలు ఎర్రగా ఉబ్బి, కాలిపోతూ, ఒకటే సలుపు. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకున్నాను. ఎనిమిదో రోజు సెలైన్‌తో తడిపి గుడ్డ తీస్తే, గాయం అడుగున దానిమ్మ గింజలు చిదిమి పరిచినట్టు ఎర్రటి కండ. గుడ్డ తగిలిన చోటల్లా రక్తపు చుక్కలు. నాకు టెన్షన్ పట్టుకుంది. సిస్టరమ్మ మాత్రం "కండ పడుతోంది సార్, ఇంక మానిపోద్ది" అంది.

రెండూ ఎరుపే గానీ ఒకటి కాదు. మొదటి రోజుది పాత రక్తనాళాల ఎరుపు. దెబ్బ తగిలిన చోట విడుదలయ్యే హిస్టమిన్ లాంటి రసాయనాలకు అవి వెడల్పవుతాయి, గోడలు వదులై ద్రవం బయటికి ఊరుతుంది. ఈ మొత్తాన్నే వాపు అంటాం, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఎనిమిదో రోజుది కొత్త నాళాల ఎరుపు. వారం కిందట అవి అక్కడ లేనే లేవు.

వాటిని పిలిపించింది ఆ వాపే. గాయంలోకి ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గంటల్లో చేరతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లనే మరో రకం తెల్లకణాల వంతు. చచ్చిన కణాలనూ సూక్ష్మజీవులనూ మింగేది ఇవే, ఆ తర్వాత కట్టడం పని పురమాయించేదీ ఇవే. చెత్తబండి వాడే తాపీమేస్త్రీ అయినట్టు! నాళాలు తెగిన చోట ఆక్సిజన్ అందదు. ఆ కొరతను పసిగట్టి మాక్రోఫేజ్‌లు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదులుతాయి. పక్కనున్న నాళం గోడలోంచి ఒక కణం వేళ్లు చాపి, ఆ ప్రొటీన్ ఎక్కువున్న వైపు పాకుతుంది. వెనక కణాలు విభజన చెందుతూ గొట్టంగా మారతాయి. రెండు మొలకలు ఎదురై కలిస్తే రక్తం పారుతుంది. నేను చూసిన ఎర్ర గింజలు అలాంటి కేశనాళికల మెలికలే. గోడలు ఇంకా పలచన, అందుకే ముట్టుకుంటే రక్తం.

తమాషా ఏమిటంటే, 1983లో అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ డ్వోరాక్ బృందం ఇదే ప్రొటీన్‌ను నాళాల్లోంచి ద్రవం కారేలా చేసే పదార్థంగా గుర్తించింది. నాళాలను పెంచే గుణం బయటపడింది ఆ తర్వాతే. కణితులను 'మానని గాయాలు' అని 1986లో అన్నదీ డ్వోరాకే. కణితి కూడా ఇలాగే నాళాలను రప్పించుకుంటుంది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందును 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతించారు. కీళ్లవాతంలోనూ ఇదే కథ: వాపు నాళాలను పెంచుతుంది, ఆ నాళాలు మరిన్ని తెల్లకణాలను మోసుకొచ్చి వాపును పెంచుతాయి.

నా మచ్చ ఇప్పుడు తెల్లబడింది. పని అయిపోయాక చాలా నాళాలు ముడుచుకుపోతాయి.

మా పిన్నిది వేరే సంగతి. పదిహేనేళ్ల షుగరు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు, వద్దన్నా వినకుండా, ముప్పై రెండు కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచింది. అరికాలి బొబ్బ పుండైంది. షుగరున్నవాళ్ల గాయాల్లో మాక్రోఫేజ్‌లు తరచు పోరాటం దగ్గరే ఆగిపోతాయి, కట్టే పనికి మళ్లవు. వాపు ఉంటుంది, నాళాలు రావు. పిన్ని కట్టు విప్పితే అడుగు పాలిపోయి కనిపిస్తుంది, గింజలు లేవు. వచ్చే వారం ఆమెకు కంట్లో ఇంజెక్షన్. రెటీనా మీద అక్కర్లేని నాళాలు మొలిచాయట, వీఈజీఎఫ్‌ను ఆపాలి.

"కాల్లో రానివి కంట్లో ఎందుకొచ్చాయిరా?" అని అడిగింది పిన్ని.