మీటరు కంటే ముందు అప్పు వచ్చింది

తిరుపతిలో మళ్లీ మీటర్ల మాటే నడుస్తోంది. షాపులకు పాత మీటర్లు తీసి స్మార్ట్ మీటర్లు బిగిస్తుంటే, వామపక్షాల వాళ్లు వద్దంటూ రోడ్డెక్కారు. అనుమతి లేకుండా ఇళ్లకు పెట్టబోమని ఇంధన శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ 2025 జులైలో చెప్పారు. అయినా జనానికి టెన్షన్ పోలేదు. పాకాల వైపు ఊళ్లకు పోతే ఇంకో ప్రశ్న అడుగుతున్నారు: టౌను అయిపోయినాక మా బోర్ల దగ్గరికేనా?

ఈ మీటర్లకు దారితీసిన ఆర్థిక సంస్కరణల సంగతి రాసేవాళ్లు మామూలుగా 1991 నుంచి మొదలుపెడతారు. విదేశీ మారకం మూడు వారాల దిగుమతులకు కూడా చాలకపోవడం, బంగారాన్ని విమానంలో లండన్‌కు తరలించి తాకట్టు పెట్టడం, పీవీ నరసింహారావు, మన్మోహన్ సింగ్... ఆ కథ అందరికీ తెలిసిందే. మళ్లీ చెప్పను. మన జిల్లా రైతుకు మీటరంటే ఎందుకు భయమో అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ 2020 మే 17.

అప్పుడు లాక్‌డౌన్ నడుస్తోంది. రాష్ట్రాలకు పన్నుల రాబడి పడిపోయింది. రాష్ట్రాలు చేసే అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో, అంటే ఏడాదిలో రాష్ట్రంలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువలో, 3 శాతం నుంచి 5 శాతానికి పెంచుతున్నామని ఆ రోజు కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. పెంచిన 2 శాతంలో షరతు లేకుండా ఇచ్చింది అర శాతమే. మిగతాదంతా చెప్పిన సంస్కరణలు చేసి చూపిస్తేనే. రేషన్ కార్డులు, వ్యాపార అనుమతులు, పట్టణాల పన్నులు, కరెంటు పంపిణీ, ఒక్కోదానికి పావు శాతం. కరెంటుకు పెట్టిన పావు శాతంలో పెద్ద ముక్క 0.15 శాతం. రైతుకిచ్చే ఉచిత కరెంటును నగదు బదిలీగా మారిస్తేనే అది దక్కుతుంది. ఆ డిసెంబరు ఆఖరులోగా కనీసం ఒక జిల్లాలో మొదలుపెట్టాలి.

ఉత్పత్తి పది లక్షల కోట్లకు అటూ ఇటూగా ఉన్న రాష్ట్రానికి 0.15 శాతమంటే దాదాపు 1,500 కోట్ల రూపాయలు. ఇందులో మర్చిపోకూడనిది ఒకటుంది. కేంద్రం ఇచ్చేది డబ్బు కాదు, అప్పు చేసుకోవడానికి అనుమతి. ఆ అప్పు వడ్డీతో సహా కట్టాల్సింది మనమే.

మూడున్నర నెలలు తిరక్కుండానే, 2020 సెప్టెంబరు 1న జగన్ ప్రభుత్వం జీవో 22 ఇచ్చింది. ప్రతి వ్యవసాయ మోటారుకూ మీటరు పెడతారు. వాడిన యూనిట్లకు సరిపడా డబ్బు ప్రభుత్వం రైతు పేరు మీద ఉన్న ఖాతాలో వేస్తుంది, అక్కడి నుంచి డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ చేసే కంపెనీకి, వెళ్తుంది. ముందుగా శ్రీకాకుళం జిల్లాను ఎంచుకున్నారు. రైతు జేబులోంచి ఒక్క రూపాయి పోదని, ఎంత కరెంటు వాడుతున్నారో తెలిస్తే పగటిపూట తొమ్మిది గంటలు నాణ్యంగా ఇవ్వొచ్చని ప్రభుత్వం చెప్పింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం, వామపక్షాలు ఆ మీటర్లను రైతు మెడకు ఉరితాళ్లన్నాయి.

మాటల యుద్ధం పక్కన పెట్టి మా మోటారు గది సంగతి చెబుతాను. మాది పాకాల దగ్గర పల్లె. కాలువ లేదు. చెరువు నిండిన ఏడాది పండగ, నిండని ఏడు బోరే దిక్కు. ఆ గదిలో స్టార్టర్ పెట్టె పక్కన గోడకు ఒక చెక్క బిగించి ఉంటుంది, నాలుగు మూలలా మేకు బెజ్జాలతో. ఒకప్పుడు మీటరు ఆ చెక్క మీదే ఉండేది. 1980ల మొదట్లో వ్యవసాయ మీటర్లు తీసేసి హార్స్‌పవర్ లెక్కన కట్టించుకునే స్లాబు పద్ధతి వచ్చింది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు. అంటే ఐదు హార్స్‌పవర్ మోటారుకు ఏడాదికి 250. మీటరు పోయింది, చెక్క మిగిలింది. మా నాయన దానికి తాళంచెవులు తగిలిస్తాడు.

జీవో వచ్చిన వారం నాయన నన్ను కూర్చోబెట్టి లెక్క వేయమన్నాడు. ఐదు హార్స్‌పవర్ మోటారు గంటకు మూడున్నర యూనిట్లకు పైనే లాగుతుంది. తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్లు, నెలకు వెయ్యి. యూనిట్ ఖర్చు ఏడు రూపాయలనుకుంటే నెలకు ఏడు వేలు. నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "సర్కారోళ్లు మూడు నెల్లు దుడ్డు వెయ్యకుంటే ఇరవై ఒక్క వెయ్యి ఎవురు కట్టేదిరా? లైన్‌మ్యాన్ వచ్చి ఫీజు పీకితే టమోటా చెట్టు ఆగతాదా?"

ఈ ప్రశ్నకు ఆధారం లేకపోలేదు. వంట గ్యాస్ సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేయడం 2013లో తొలి విడతగా మొదలైన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. అప్పుడూ ఇలాంటి మాటే చెప్పారు: పూర్తి ధర ముందు కట్టండి, సబ్సిడీ ఖాతాలోకి వస్తుంది. కొన్నేళ్లు వచ్చింది. తర్వాత తగ్గుతూ పోయి, 2020 మే నుంచి మామూలు కనెక్షన్లకు పడటం ఆగిపోయింది. ఏ నెలలో గ్యాస్ సబ్సిడీ ఆగిందో సరిగ్గా ఆ నెలలోనే కరెంటు నగదు బదిలీ మాట వచ్చింది. మా ఊరి ఆడవాళ్లకు ఈ రెండూ కలిపి చెప్పేందుకు ఆర్థికవేత్త అక్కర్లేదు, పాస్‌బుక్ చాలు.

కేంద్రం ఆ షరతును ఒక్క ఏడాదితో వదల్లేదు. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు 2021-22 నుంచి నాలుగేళ్ల పాటు కరెంటు సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ఏటా అర శాతం అదనపు అప్పు అనుమతి పెట్టారు. 2021-22లో ఆంధ్రప్రదేశ్‌కు అలా 3,716 కోట్లు దక్కింది. పక్కన తెలంగాణలో కేసీఆర్ మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని చెప్పి ఆ అప్పు వదులుకున్నారు. దాంతో మన దగ్గర మీటరు ఒప్పుకున్నది రైతు కోసమా, అప్పు కోసమా అన్న అనుమానం ఇంకా గట్టిపడింది. 2021 జూన్‌లో 3,03,758 కోట్ల అంచనాతో పంపిణీ రంగం బాగు కోసం కేంద్రం మరో పథకం ఆమోదించింది. ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు అందులో భాగం. ఇప్పుడు షాపుల గోడలకు ఎక్కుతున్నవి ఆ దారిలో వచ్చినవే.

అయితే అప్పుకూ కరెంటుకూ ముడి పడటం 2020లో కొత్త కాదు. ఇరవయ్యేళ్ల ముందు ఇదే రాష్ట్రంలో అచ్చం ఇలాగే జరిగింది, దాని గుర్తు తిరుపతిలోనే ఉంది. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణకు ప్రపంచ బ్యాంకు 54 కోట్ల డాలర్లు ఇచ్చింది. దేశంలో ఒక రాష్ట్రం తన ఖజానా బాగు కోసం అంత పెద్ద అప్పు తేవడం గొప్పగా చెప్పుకున్న రోజులవి. 1999 ఫిబ్రవరిలో ఒక్క కరెంటు రంగానికే 21 కోట్ల డాలర్లు మంజూరైంది. పదేళ్లలో విడతలుగా వంద కోట్ల డాలర్ల దాకా ఇస్తామన్న ప్రణాళికలో అది మొదటి వాయిదా.

ఆ అప్పుతో పాటు పని జాబితా వచ్చింది. 1959 నుంచి ఉన్న విద్యుత్ బోర్డును ముక్కలు చేయాలి. చార్జీలు నిర్ణయించేందుకు వేరే కమిషన్ ఉండాలి. ఖర్చుకు తగ్గట్టు చార్జీలు పెరుగుతూ పోవాలి. 1998 సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. బోర్డు పోయి కరెంటు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో వచ్చాయి. 2000 ఏప్రిల్ 1న పంపిణీ నాలుగు కంపెనీలైంది. దక్షిణ ప్రాంత కంపెనీకి, అంటే ఎస్పీడీసీఎల్‌కు, తిరుపతి కేంద్రమైంది. కృష్ణా నుంచి చిత్తూరు దాకా ఆరు జిల్లాల కరెంటు ఇక్కడి నుంచి నడుస్తుందని ఊళ్లో సంతోషపడ్డారు. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. ఆ ఆఫీసు మనకెందుకు వచ్చిందో మాకెవరికీ పట్టలేదు.

రెండు నెలలు కాకుండానే పట్టింది. 2000 మే ఆఖరులో కమిషన్ తొలి చార్జీల ఉత్తర్వు వచ్చింది. ఇళ్ల బిల్లులు పెరిగాయి, మోటారు స్లాబులు పెరిగాయి. కరువు మొదలైన ఏడాది అది. నాకు గుర్తున్నంతలో మా ఊరికి త్రీఫేజ్ కరెంటు రాత్రి రెండు గంటలకు వచ్చేది. నాయన భుజాన గోనె పట్టా వేసుకుని, టార్చిలైటు పట్టుకుని పోయి మోటారు వేసేవాడు. నీళ్లు మడికి చేరేలోగా లైను పోయేది. ఓల్టేజీ పడిపోయి మోటారు కాలితే వైండింగ్ ఖర్చు మళ్లీ మాదే. అలాంటి కరెంటుకు ఎక్కువ కట్టమన్నారు.

వామపక్షాలు, కాంగ్రెస్ ఆ వేసవంతా ఊరూరా బిల్లులు తగలబెట్టించాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్‌లో ఛలో అసెంబ్లీ జరిగింది. బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. విష్ణువర్ధన్ రెడ్డి, రామకృష్ణ, బాలస్వామి చనిపోయారు. ఏటా ఆగస్టు 28న వామపక్షాలు ఆ పేర్లు తలుచుకుంటాయి, తిరుపతిలో కూడా.

నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన జిల్లా మనిషి, నారావారిపల్లె ఆయనది. ఆయన వాదనలోనూ నిజం ఉంది. బోర్డు నష్టాలకు బడ్జెట్లో డబ్బు పోస్తూ ఉంటే బడికీ ఆసుపత్రికీ ఏం మిగులుతుందన్నది సరైన ప్రశ్నే. మీటరు లేని వ్యవసాయ కరెంటును అంచనా మీదే లెక్కగట్టేవారు. టౌన్లలో దొంగతనంగా లాగిన కరెంటు, తీగల్లో పోయిన కరెంటు, అన్నీ ఆ అంచనాలో కలిపేసేవారు. రైతు వాడని కరెంటు కూడా రైతు ఖాతాలో పడింది. నిజానికి మీటరు ఉంటే ఆ నింద పోయేది. ఆ మాట అప్పట్లో రైతు దగ్గర కూర్చుని చెప్పిన వాళ్లు లేరు. మీటరు కంటే ముందు అప్పు వచ్చింది, అప్పుతో పాటు బిల్లు వచ్చింది, బిల్లు వద్దన్నవాళ్ల మీద తూటా వచ్చింది. ఈ వరుసే మా పల్లెల్లో మిగిలిపోయింది.

2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత కరెంటు మీదే పెట్టారు, పాత బకాయిలూ రద్దు చేశారు. ఆ తర్వాత ఏ పార్టీ దాన్ని ముట్టుకునే ధైర్యం చేయలేదు. అందుకే 2020లో ఆయన కొడుకు ప్రభుత్వమే మీటర్ల జీవో ఇచ్చినప్పుడు వైఎస్‌ను అభిమానించే రైతులకు కూడా మింగుడుపడలేదు. జీవోలో ఉచితం అలాగే ఉంది. మారింది ఉచితం వచ్చే దారి. నిన్నటిదాకా తీగలో వచ్చేది, ఇకపై ఖజానా నుంచి ఖాతాకు, ఖాతా నుంచి డిస్కంకు తిరిగి రావాలి. ఖజానా ఎలా ఉందో మాత్రం అందరూ చూస్తూనే ఉన్నారు.

ఖజానా సంగతికి వస్తే, ఇరుపక్షాలూ శ్వేతపత్రాలతో కొట్టుకున్నాయి. 2019 జులైలో జగన్ ప్రభుత్వ ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ విడుదల చేసిన పత్రం రాష్ట్ర అప్పు 2.58 లక్షల కోట్లు దాటిందని గత ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. 2024 జులైలో చంద్రబాబు విడుదల చేసిన పత్రం అప్పులూ బకాయిలూ కలిపి 9.74 లక్షల కోట్లని చెప్పింది. దానికి రెండు వారాల ముందు ఇంధన శాఖ మీద వచ్చిన పత్రం, ఐదేళ్లలో కరెంటు రంగానికి జరిగిన నష్టం 1,29,503 కోట్లని లెక్కగట్టింది. ఏది అప్పు, ఏది గ్యారంటీ, ఏది బకాయి అన్నది ఎవరి లెక్క వారిది.

ఆ 2024లోనే నవంబరు, డిసెంబరులో 2022-23 ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద 6,072 కోట్లు, 2023-24 కింద 9,412 కోట్లు వినియోగదారుల మీద పడ్డాయి. ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు మళ్లీ కట్టడం. తప్పు పాత ప్రభుత్వానిదని కూటమి, వసూలు చేసేది మీరేనని వైసీపీ. డిసెంబరు 27న వైసీపీ రాష్ట్రమంతా నిరసనలు పెట్టింది. మీటర్లు తెచ్చిన పార్టీ చార్జీల మీద రోడ్డెక్కింది. మీటర్లను ఉరితాళ్లన్న పార్టీ హయాంలో షాపులకు స్మార్ట్ మీటర్లు ఎక్కుతున్నాయి. ప్రీపెయిడ్ అంటే బ్యాలెన్స్ అయిపోగానే చీకటే కదా అని తిరుపతి చిన్న షాపులవాళ్లు అడుగుతుంటే, మా నాయన 2020లో అడిగిన మాటే నాకు వినిపిస్తోంది.

కమిషన్ చార్జీల మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు తిరుపతిలో రైతులు వచ్చి మాట్లాడతారు. మైకు దొరికేది కొన్ని నిమిషాలే. ఈసారి నాయనను తీసుకెళ్లాలని ఉంది. ఆయన అడిగేది మీటరు తీసెయ్యమని కాదు. ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా వేస్తే రైతు కనెక్షన్ కత్తిరించబోమని, ఆ వడ్డీ డిస్కం గానీ ప్రభుత్వం గానీ భరిస్తుందని ఒక్క వాక్యం బిల్లు వెనక అచ్చు వెయ్యమంటాడు. అది వేసిన రోజు చెక్క మీది తాళంచెవులు తానే తీసి పక్కన పెడతానని నాతో చెప్పాడు.