పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ అమ్ముతున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

విశాఖ కంచరపాలెంలో నా మెకానిక్ షెడ్డుకి వచ్చేవాళ్లు తరచూ అడిగేది ఇదే: "అన్నయ్యా, నాన్నగారి ఆర్‌ఎక్స్ ఉంది, అమ్మితే ఎంతొస్తుంది?" రేటు మాట తర్వాత. ముందు బండి గురించి వాళ్లు నమ్ముతున్నవి కొన్ని సరిచేయాలి.

అపోహ: అమ్మే ముందు కొత్త పెయింట్ వేయిస్తే రేటు పెరుగుతుంది.

పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది. తెలిసి కొనేవాళ్లు ముందు చూసేది కంపెనీ రంగు, స్టిక్కర్లు, చాసిస్ మీద నంబరు పంచింగ్. వాటిమీద మందంగా పెయింట్ కనిపిస్తే కింద ఏం దాచారోనని అనుమానం మొదలవుతుంది. అందులోనూ మనది సముద్రం ఊరు, ఉప్పుగాలికి స్పోకులు, మడ్గార్డు లోపలి అంచులు, ట్యాంకు అడుగు ముందుగా పోతాయి. మొన్న బీచ్ రోడ్డు వైపు నుంచి ఒక బండి వచ్చింది. ట్యాంకు పైన అద్దంలా మెరుస్తోంది, మూత తీసి టార్చి వేస్తే అడుగంతా పొక్కులు లేచిన తుప్పు, పెట్రోలు వచ్చే కుళాయి (కాక్) విప్పి గాజు గ్లాసులోకి పెట్రోలు పడితే ఇటుక పొడి కలిపినట్టు కిందికి దిగింది. ఆ పెయింట్ డబ్బు ట్యాంకు క్లీనింగ్‌కీ కార్బొరేటర్‌కీ పెట్టుంటే ఎంత బాగుండేదో! ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండైతే కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

అపోహ: ఇది వింటేజ్ బండి, అందుకే ఈ రేటు.

మాటవరసకి అనుకోవచ్చు. చట్టం ప్రకారం మాత్రం కాదు. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఆర్‌ఎక్స్ 100 మన దగ్గర వచ్చిందే 1985లో, 1996 దాకా తయారైంది. అంటే 2035 లోపు ఏ ఒక్కటీ వింటేజ్ కాదు. పైగా వింటేజ్ రిజిస్ట్రేషన్ అయిన బండిని ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజూ తిప్పకూడదు. జపాన్ నుంచే దిగిందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు, మొదట్లో విడిభాగాలు అక్కణ్ణుంచి వచ్చినా, తర్వాత యమహాతో ఒప్పందం మీద ఎస్కార్ట్స్ అనే మన కంపెనీ వాళ్లు ఇక్కడే తయారుచేశారు.

15 ఏళ్లు దాటితే తుక్కే అన్నది ఢిల్లీ చుట్టుపక్కల రూల్ చూసి పుట్టిన భయం. ఇక్కడ ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించి, ఫిట్‌గా ఉంటే ఐదేసి ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. అది అయ్యాకే అమ్మకానికి పెట్టండి.

అపోహ: పొగ వస్తే ఇంజన్ పోయినట్టే.

ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజన్, అందులో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాలుతుంది, పొద్దున్నే కిక్ కొట్టినప్పుడు కాస్త పొగ సహజం. బండి వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగు) పోయిందని అనుమానించాలి. నాకు అంతకంటే భయం అవతల, కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపు సీలు. అది పోతే పొగ రాదు, ఇంజన్ బయటి గాలి లాగేసి వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. బోరు (అరిగిన సిలిండర్‌ని కాస్త పెద్దది చేయడం) చేయించాం అని చెబితే ఎన్నోసారి అని అడగండి. కంపెనీ బోరు 50 మిల్లీమీటర్లు, మామూలుగా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతారు, 100 సైజు, అంటే ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టన్ పడిందంటే ఇక స్లీవ్ (సిలిండర్ లోపల వేసే కొత్త గొట్టం) గురించి ఆలోచించాల్సిందే.

అపోహ: పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకం పెట్టేస్తే మన పని అయిపోయింది.

నేనూ అలాగే అనుకుని ఒక బండి ఇచ్చేశాను. కొన్నాయన పేరు మార్చుకోకుండానే ఇంకొకరికి అమ్మేశాడు, ఆ మూడో మనిషి యాక్సిడెంట్ చేస్తే పోలీసులు ఫోన్ చేసింది నాకు. రికార్డులో పేరున్నవాళ్లే ఓనరని, పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ నెలంతా ఎంత టెన్షన్ పడ్డామో మా ఇంట్లో వాళ్లకే తెలుసు. బండి అమ్మిన సంగతి 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. నాన్నగారు లేకపోతే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి, ఆయన సంతకం మీరు పెట్టే ఆలోచనే వద్దు.

ఇప్పుడు నేను అడ్వాన్స్ తీసుకుని, ఆధార్ కాపీ పెట్టుకుని, తేదీతో పాటు టైమ్ కూడా వేసి కాగితం రాయించుకుంటాను. ఆర్‌సీలో పేరు మారేదాకా బండి నా షెడ్డులోనే ఉంటుంది.