హెర్‌2 రిపోర్టు: అపోహలు, వాస్తవాలు

నేను పాథాలజిస్టుని. రొమ్ము గడ్డ బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాల తర్వాత హెర్‌2 అని ఒక వరుస ఉంటుంది. ఎక్కువ భయాలు, ఎక్కువ ప్రశ్నలు దాని మీదే. తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: హెర్‌2 క్యాన్సర్ జన్యువు. అది ఉన్నవాళ్లకే జబ్బు వస్తుంది.

అది అందరికీ ఉంటుంది. 17వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువుకు శాస్త్రీయంగా పెట్టిన పేరు ఈఆర్‌బీబీ2. దాని నుంచి తయారయ్యే గ్రాహక ప్రోటీను కణపొరలో ఒక కొస బయటికి, ఒక కొస లోపలికి ఉండేలా కూర్చుంటుంది. పెరగమని, విభజన చెందమని వచ్చే సంకేతాన్ని లోపలికి అందించడం దాని పని. ఈ కుటుంబంలో నాలుగు గ్రాహకాలున్నాయి. మిగతా మూడూ బయటి నుంచి ఏదో ఒక ప్రోటీను వచ్చి అతుక్కుంటేనే కదులుతాయి. హెర్‌2కి అలా అతుక్కునేది ఇంతవరకూ దొరకలేదు. అది ఎప్పుడూ జతకట్టడానికి సిద్ధంగా తెరుచుకునే ఉంటుంది. అదే కుటుంబంలోని హెర్‌3తో జతకడితే వచ్చే సంకేతం చాలా బలమైనది.

ఈ గ్రాహకం లేకపోయినా బతుకు లేదు. ఈ జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుక పిండాలు గుండె సరిగా ఏర్పడక గర్భంలోనే చనిపోతాయి. ఉండటం వల్ల కాదు, మితిమీరడం వల్లే చిక్కు. కొన్ని గడ్డల్లో ఈ జన్యువు ప్రతులు రెండుకు బదులు పదో ఇరవయ్యో అవుతాయి, కణపొర నిండా గ్రాహకాలు కిక్కిరిసిపోతాయి. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15–20 శాతం ఈ కోవలోవే. వీటినే హెర్‌2 పాజిటివ్ అంటాం.

అపోహ: అమ్మకు హెర్‌2 పాజిటివ్ వచ్చింది కాబట్టి కూతురికీ వస్తుంది.

ప్రతులు పెరిగేది గడ్డ కణాల్లోనే, పుట్టుకతో వచ్చే కణాల్లో కాదు. కాబట్టి ఇది పిల్లలకు పోదు. కుటుంబాల్లో నడిచేవి బీఆర్‌సీఏ వంటి వేరే జన్యువుల మార్పులు. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి. టీపీ53 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న స్త్రీలకు చిన్న వయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్ తరచూ హెర్‌2 పాజిటివ్‌గా ఉంటుంది. అందుకే మరీ చిన్న వయసులో వస్తే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు పంపమంటాం.

అపోహ: పరీక్ష మిషన్ చేస్తుంది, 2+ అంటే సగం పాజిటివ్.

ముక్కలోని గ్రాహకాలకు రంగు వేసి, అది పట్టిన తీరును బట్టి 0, 1+, 2+, 3+ అని రాస్తాం. రంగు వేసేది మిషనే, చదివేది మాత్రం మనిషి. పది శాతానికి మించిన గడ్డ కణాల్లో కణపొర చుట్టూ తెగకుండా, ముదురు గోధుమ రంగులో గీత కనిపిస్తే 3+, అంటే పాజిటివ్. తక్కువ భూతద్దంలో చూసినా కోళ్లకు కట్టే ఇనప వలలా కళ్లకు కొడుతుంది, తడుముకోనక్కర్లేదు. తడబాటంతా 2+ దగ్గరే. గీత పూర్తిగా ఉంటుంది కానీ పలచన. అది తేలని ఫలితం, సగం పాజిటివ్ కాదు. అప్పుడు ఫిష్ పరీక్షలో జన్యువు ప్రతుల్ని నేరుగా లెక్కపెడతాం. 17వ క్రోమోజోమ్‌కు వేసిన గుర్తుల సంఖ్యతో పోలిస్తే జన్యువు ప్రతుల నిష్పత్తి 2 లేదా అంతకు మించి, ఒక్కో కణంలో సగటు ప్రతులు 4 లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్.

స్లైడు మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. ముక్క అంచులు, చిమటాతో నలిగిన కణాలు ఉత్తినే ముదురుగా అంటుకుంటాయి. పక్కనున్న మామూలు పాల నాళాలు కూడా గోధుమ రంగెక్కితే నేను ఆ స్లైడును నమ్మను, మళ్లీ వేయమంటాను. నాళం దాటి బయటికి రాని క్యాన్సర్ తరచూ గట్టిగా రంగు పడుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, చొచ్చుకెళ్లిన భాగాన్నే చూడాలి. వీటన్నిటికంటే ముందు, ముక్క చెడకుండా ఉంచే ద్రవం ఫార్మలిన్. ముక్క బయటికి తీసిన గంటలోపే అందులో పడాలి, 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. ఆపరేషన్ థియేటర్లో బల్ల మీద ఎండిపోయిన ముక్కకు ఎంత ఖరీదైన మిషనైనా ఏం చేస్తుంది?

అపోహ: హెర్‌2 పాజిటివ్ అంటే ఇక అంతే.

ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. జన్యువు ప్రతులు పెరిగిన గడ్డలు త్వరగా తిరగబెడతాయని 1987లో అమెరికా క్యాన్సర్ వైద్యుడు డెనిస్ స్లామన్ బృందం చూపించింది. అదే గ్రాహకాన్ని గురిపెట్టిన యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత లెక్క మారిపోయింది. కాకపోతే గుండె కణాలకూ ఈ గ్రాహకం కావాలి కదా, అందుకే మందు నడిచినన్నాళ్లూ ఎకో తీస్తారు. పంపింగ్ తగ్గితే మందు ఆపుతారు, చాలామందిలో అది మళ్లీ కోలుకుంటుంది. లక్షణాలేమీ లేవని ఎకో ఎగ్గొట్టడం మాత్రం మంచిది కాదు.

అపోహ: నెగటివ్ వచ్చింది కాబట్టి హెర్‌2తో ఇక పని లేదు.

2022 వరకూ ఇది దాదాపు నిజమే. ఆ ఏడాది, 1+ లేదా ఫిష్ నెగటివ్ అయిన 2+ గడ్డలు శరీరమంతా పాకినప్పుడు కూడా ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ పనిచేస్తుందని తేలింది. అది కీమో మందును మోసుకెళ్లే యాంటీబాడీ. గ్రాహకాలు కొద్దిగా ఉన్నా చాలు, వాటిని పట్టుకుని లోపలికి దిగుతుంది. ఊపిరితిత్తుల వాపు దీని ప్రమాదకరమైన దుష్ప్రభావం. కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే ఆగకుండా చెప్పాలి. ఒకప్పుడు ‘నెగటివ్’ అని రాసి వదిలేసిన రిపోర్టుల్లో ఇప్పుడు 0, 1+ అని స్పష్టంగా రాయాల్సి వస్తోంది.

ఇంకొకటి, జబ్బు తిరగబెట్టినప్పుడు వీలైతే కొత్త గడ్డ నుంచి ముక్క తీసి మళ్లీ పరీక్షించాలి. మొదటి ఫలితమే ఉంటుందన్న హామీ లేదు. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు పారఫిన్ బ్లాకును (ముక్కను మైనంలో పొదిగి దాచిన దిమ్మను) కూడా అడిగి తీసుకెళ్లండి.